కిటికీ అద్దం మీద టేపు బంక: గోకే ముందు నానబెట్టండి

టేపు పీకేశాక అద్దం మీద మిగిలిన బంకను చూడగానే ఎవరి చెయ్యయినా ముందు గోరు పెట్టే గోకుతుంది. గోరు అరగడమే తప్ప బంక పోదు. ఉండలుగా చుట్టుకుని పక్కకి పాకుతుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి చారలు కడుతుంది. అప్పుడు తడిగుడ్డ తెస్తాం, అదీ పని చేయదు. ఆ తర్వాత గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు, దానికీ లొంగకపోతే చాకు. ఈ వరసలో వెళ్తే బంక పోయినా పోకపోయినా గీతలు మాత్రం పడతాయి, బంకకి మందుంది గానీ గీతకి మందు లేదు. అసలు ఈ పనంతా నానబెట్టడంలోనే ఉంది. సరైన ద్రవం రాసి, అది కిందికి కారిపోకుండా చూసి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేస్తే, మిగిలేది గుడ్డతో తుడిచే పనే.

నీళ్లకి ఎందుకు లొంగదంటే, టేపు జిగురు నీళ్లలో కరిగే సరుకు కాదు. చాలా టేపుల్లో అది రబ్బరుతో చేసిందో, అక్రిలిక్ అనే ప్లాస్టిక్ రకంతో చేసిందో అయ్యుంటుంది. చేతికంటిన ఆయిల్ పెయింటు ఎన్ని నీళ్లు పోసినా పోకుండా కాస్త కిరోసిన్ రాయగానే వదిలేస్తుంది చూడండి, ఇదీ ఆ బాపతే. నూనె గానీ స్పిరిట్ గానీ జిగురులోకి మెల్లగా ఇంకితే అది ఉబ్బి, మెత్తబడి, అద్దం మీద పట్టు వదిలేస్తుంది. మెల్లగా అనే మాట ముఖ్యం. రాసిన రెండో నిమిషంలోనే రుద్దేసి "ఈ చిట్కా పని చేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

పాత టేపు ఇంకా మొండిది. రబ్బరు జిగురు ఎండకీ గాలికీ మొదట జిగటగా తయారవుతుంది, తర్వాత పసుపు తిరుగుతుంది, చివరికి ఎండి పెచ్చులా గట్టిపడుతుంది. టేపు లోపలి వైపే ఉంది కదా, ఎండ నేరుగా తగలదు కదా అనుకోవద్దు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో యూవీ-ఏ రకాన్ని చాలావరకు లోపలికి రానిస్తుంది, కాబట్టి లోపలి టేపు కూడా బాగానే ఉడుకుతుంది. మాస్కింగ్ టేపు విషయంలో చాలామంది మోసపోయేది ఇక్కడే. అది పుట్టిందే అతికించి పీకేయడం కోసం, 1925లో 3ఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ దాన్ని తయారు చేసింది కార్లకి రంగు వేసేవాళ్ల కోసం. పని అవ్వగానే తీసేస్తే శుభ్రంగా వచ్చేస్తుంది, ఎండ పడే కిటికీకి వేసి నెలల తరబడి మర్చిపోతే కాగితం ఒక పొర, బంక ఒక పొరగా విడిపోయి రెండింతల పని పెడుతుంది.

ముందు ఇవి చూసుకోండి

మీ ముందున్నది నిజంగా అద్దమేనా? నవ్వకండి, తలుపుల్లో, బాల్కనీ రెక్కల్లో అక్రిలిక్ షీటో పాలీకార్బొనేట్ షీటో వేసిన చోట్లు చాలానే ఉంటాయి. వేలి కణుపుతో కొట్టి చూడండి. అద్దమైతే చల్లగా ఉండి టంగుమంటుంది, ప్లాస్టిక్ అయితే అంత చల్లగా ఉండదు, శబ్దం కూడా మొద్దుగా వస్తుంది. ప్లాస్టిక్ షీటు అయితే ఎసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే ద్రవం), థిన్నర్, బ్లేడు ఈ మూడింటినీ మర్చిపోండి, వంటనూనె, సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

రెండోది, అద్దానికి సన్ ఫిల్మ్ లాంటిది అతికించి ఉందేమో చూడండి. అంచు దగ్గర గోటితో తడిమితే సన్నటి మెట్టులా తగులుతుంది. ఫిల్మ్ ఉన్న వైపు బ్లేడు పెడితే బంకతో పాటు ఫిల్మ్ కూడా లేచొస్తుంది, అమోనియా కలిసిన గ్లాస్ క్లీనర్లు కూడా దానికి పడవు.

మూడోది, అద్దం మూలలో చిన్న ముద్ర ఏదైనా ఉందేమో. టఫెన్డ్ గ్లాస్‌కి, అంటే కొలిమిలో వేడి చేసి గట్టిపరిచిన అద్దానికి, చాలాసార్లు అలాంటి ముద్ర ఉంటుంది. అది ఎందుకు ముఖ్యమో బ్లేడు దగ్గర చెప్తాను.

ఫ్రేము సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఫ్రేము మీద ఎసిటోన్ చుక్క పడితే అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది. వార్నిష్ వేసిన చెక్కదీ అదే గతి. అంచుల్లో ఉండే నల్ల రబ్బరు పట్టీకి నూనెలు, కిరోసిన్ పడవు, ఉబ్బి సాగిపోతుంది. కాబట్టి ఏ ద్రవమైనా అద్దం మీద పోయడం, స్ప్రే చేయడం వద్దు, గుడ్డకో దూదికో పట్టించి అక్కడి వరకే అద్దండి. కింద ఫ్రేము మీద పాత గుడ్డ ఒకటి మడతపెట్టి పరిస్తే కారింది అది పీల్చుకుంటుంది.

టేపు ఇంకా అతుక్కునే ఉంటే

అదృష్టవంతులు. టేపు ఊడకముందే వేడి చేస్తే బంక సగం దాంతో పాటే వచ్చేస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌ని అద్దానికి జానెడు దూరంలో పట్టుకుని, ఒకే చోట ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ ఒకట్రెండు నిమిషాలు ఊదండి. చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, కాలకూడదు. తర్వాత ఒక మూల లేపి, టేపుని మీవైపు గుంజకుండా దాని మీదకే వెనక్కి మడిచి, అద్దానికి ఆనించినట్టే ఉంచి నిదానంగా లాగండి. మడత దగ్గర బంక తీగలు సాగుతూ కనిపిస్తాయి, ఆ తీగల మీదకి ఇంకాస్త వేడి ఊదితే అవి అద్దాన్ని వదిలి టేపుతోనే వస్తాయి. విసురుగా లాగారా, పాత టేపు అక్కడికక్కడే చిరుగుతుంది, మళ్లీ మూల వెతుక్కోవాలి.

రంగులు ఊడగొట్టే హీట్ గన్ వద్దు, మరిగే నీళ్లు పోయడం అసలే వద్దు. మామూలు అద్దంలో ఒక చోటుకీ పక్క చోటుకీ మధ్య వేడి తేడా సుమారు 40 డిగ్రీలు దాటితే పగిలే ప్రమాదం ఉంటుంది. చలికాలం పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడైతే డ్రయ్యర్ కూడా తక్కువ వేడితో మొదలుపెట్టండి. ఇదే లెక్కన, ఎండకి కాగిన అద్దం మీద ఐసు ముక్కలు రుద్దే చిట్కా కూడా నాకు నచ్చదు. ఐసు బంకని పెళుసుగా చేసే మాట నిజమే, కానీ దాని కోసం అద్దాన్ని పణంగా పెట్టక్కర్లేదు.

దళసరి ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేపు అయితే లాగి లాభం లేదు. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారమో, చేపల గాలానికి కట్టే సన్నటి నైలాన్ దారమో తీసుకుని, రెండు చివర్లు వేళ్లకి చుట్టుకుని, ఫోమ్ వెనకాల పెట్టి రంపంలా అటూ ఇటూ కోయండి. ఫోమ్ తెగి వచ్చేస్తుంది, అద్దం మీద పలచటి పొర మిగులుతుంది, దాని సంగతి కింద చూద్దాం. టేపు కాగితందైతే, పైపొర తడి టిష్యూ కప్పి పావుగంట ఉంచితే మెత్తబడి ఊడుతుంది. నీళ్లతో నిజంగా పనయ్యేది ఈ ఒక్క చోటే.

బంక మాత్రమే మిగిలితే

కొత్త బంక, వేలు పెడితే అతుక్కునేంత మెత్తగా ఉంటే, ద్రవాల జోలికి వెళ్లే ముందు ఒక చిన్న పని చేసి చూడండి. కొత్త టేపు ముక్క తీసుకుని ఆ బంక మీద గట్టిగా నొక్కి చటుక్కున పీకండి. బంకకి బంక అంటుకుని కొంత లేచొస్తుంది. నాలుగైదు సార్లు చేస్తే పలచటి మరకలు పూర్తిగా పోతాయి కూడా. ఫోమ్ టేపు వదిలిన పొరనైతే బొటనవేలితో ఒకే దిక్కుకి తోస్తే పురికొసలా చుట్టుకుని వస్తుంది.

దానికి లొంగకపోతే నూనె. వంటనూనె, తలనూనె, బేబీ ఆయిల్, ఏదైనా సరే. నీలగిరి తైలమో, నారింజ తొక్కల నూనెతో చేసిన స్టిక్కర్ రిమూవరో ఉంటే ఇంకా చురుగ్గా పని చేస్తుంది. తుప్పు బోల్టులకి కొట్టే డబ్ల్యూడీ-40 కూడా ఈ కోవదే. అన్నిటికీ ఉన్న ఇబ్బంది ఒకటే, కిటికీ నిలువుగా ఉంటుంది, రాసింది రాసినట్టు కిందికి జారిపోతుంది. అందుకే టిష్యూని నూనెలో ముంచి పిండి, బంక మీద పట్టీలా అతికించి, పైన పలచటి ప్లాస్టిక్ కవరు ముక్క కప్పండి. నూనె తడికి అది దానంతటదే అతుక్కుని ఉంటుంది. మెత్తటి బంకకి 15 నుంచి 30 నిమిషాలు చాలు, ఎండిపోయి పసుపు తిరిగిన దానికి గంట, రెండు గంటలైనా పట్టొచ్చు, మధ్యలో ఒకసారి టిష్యూని మళ్లీ తడపండి. తినే సోడా ఉంటే నూనెలో కలిపి ముద్దలా చేసి పూసినా జారదు. సోడా పొడి అద్దం కంటే చాలా మెత్తనిది కాబట్టి గీతల భయం లేదు.

టిష్యూ తీశాక బంక తెల్లగా, ముడతలు పడి, అంచులు లేచినట్టు కనిపిస్తే పక్వానికి వచ్చినట్టు. గడువు దాటిన ఏటీఎం కార్డు అంచుతో తోయండి, ముద్దలుగా లేస్తుంది. ఇంకా తీగలు సాగుతూ ఉంటే నానలేదని అర్థం, పట్టీ మళ్లీ పెట్టండి, బలం చూపించొద్దు. తుడిచేటప్పుడు గుడ్డని అద్దం మీద గుండ్రంగా తిప్పకండి, అలా తిప్పితే కరిగిన బంక అద్దమంతా పలచగా పూసుకుంటుంది. అంచు నుంచి లోపలికి ఒక్క తుడుపు, గుడ్డ మడత మార్చి ఇంకో తుడుపు.

నూనె కన్నా స్పిరిట్ బాగా పని చేసే బంకలు కూడా ఉన్నాయి. తళతళలాడే పారదర్శకమైన టేపులు, డబుల్ సైడ్ టేపుల్లో చాలావాటి జిగురు అక్రిలిక్ రకం, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ బాగా పని చేస్తుంది. అది దొరక్కపోతే హ్యాండ్ శానిటైజర్, అదీ జెల్ రకం. దీన్ని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే జెల్ కాబట్టి నిలువు అద్దం మీద కూడా పెట్టిన చోటే నిలుస్తుంది, స్పిరిట్ అంత త్వరగా ఆవిరైపోదు. దళసరిగా పూసి ఐదు నిమిషాలు ఆగి, ఆరకముందే తుడవండి. ఆరనిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మరి మీ బంక ఏ రకమో ఎలా తెలుస్తుంది? తెలియక్కర్లేదు. ఒక మూల కాస్త నూనె, ఇంకో మూల కాస్త శానిటైజర్ పెట్టి పది నిమిషాలాగి వేలితో తోసి చూడండి, ఏది ముందు కదిలితే దాంతోనే మిగతాది కానివ్వండి.

రెండూ ఓడిపోతే ఎసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా మీద పదార్థాల పేర్లు చదవండి, ఎసిటోన్ లేని రకాలు కూడా ఉంటాయి, అవి కాస్త నెమ్మది. దూదికి పట్టించి బంక మీద అర నిమిషం అదిమి పట్టి, అదే దూదితో తుడిచెయ్యాలి. అద్దానికి ఏమీ కాదు, అద్దం చుట్టూ ఉన్నవాటికే అవుతుంది. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో స్టవ్వు, దీపం, సిగరెట్ ఏవీ ఉండకూడదు. ఎసిటోన్ ఆవిరి మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలదు. హెయిర్ డ్రయ్యర్‌ని ఈ దశలో స్విచ్ తీసి పక్కన పెట్టెయ్యండి, స్పిరిట్‌కి కూడా ఇదే మాట. ఎసిటోన్‌తోనో స్పిరిట్‌తోనో బ్లీచింగ్ ద్రవం కలిస్తే విషవాయువులు పుడతాయి, కాబట్టి బ్లీచింగ్ ద్రవాన్ని వాటితో పాటు ఒకే గుడ్డకి, ఒకే బకెట్‌కి చేర్చొద్దు. కిరోసిన్, టర్పెంటైన్ పనికొస్తాయి, వాసనే భరించాలి. పెట్రోలుతో తుడవమని ఎవరైనా చెప్తే వినకండి.

వెనిగర్ గురించి ఒక మాట. ప్రతి చోటా బంకకి వెనిగర్ అని రాస్తుంటారు. ఉప్పునీళ్లు ఆరి తెల్లటి మచ్చలు కట్టిన అద్దానికి వెనిగర్ బ్రహ్మాండమే, ఎందుకంటే అది సున్నాన్ని కరిగిస్తుంది. టేపు జిగురులో సున్నం ఏముంది? వేడి వెనిగర్‌తో కొంత వదిలిందంటే అందులో వేడి చేసిన పనే ఎక్కువ.

బ్లేడు సంగతి

ఎండి పెచ్చు కట్టిన బంకకి నిజంగా బ్లేడే సులువు, దాన్ని కాదనను. కానీ అది మొదటి పని కాకూడదు, నానబెట్టాక చేసే పని కావాలి. చేతితో విడి బ్లేడు పట్టుకోకుండా పిడి ఉన్న స్క్రేపర్ వాడండి, అందులో కొత్త బ్లేడు వేయండి. తుప్పు చుక్క గానీ అంచులో చిన్న నొక్కు గానీ ఉన్న బ్లేడు ఒక్క గీకుతోనే అద్దం మీద సంతకం పెట్టేస్తుంది.

ముందు ఆ చోటంతా సబ్బునీళ్లతో కడిగి ఇసుక, దుమ్ము పోగొట్టండి. చాలా గీతలు పడేది బ్లేడు వల్ల కాదు, బ్లేడు కింద ఇరుక్కున్న ఇసుక రేణువు వల్ల. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు ధారాళంగా కొట్టి, బ్లేడుని బాగా వాల్చి, సుమారు 30 డిగ్రీల కోణంలో ఆనించి ముందుకి తోయండి. తోశాక ఎత్తండి, మళ్లీ మొదటి చోట ఆనించి తోయండి. అలాగే పెట్టి వెనక్కి లాక్కూడదు, కింద చేరిన చెత్తంతా అద్దాన్ని కోస్తూ వస్తుంది. తోసినప్పుడు మెత్తగా జారాలి. గరగరమని చప్పుడు వచ్చినా, చేతికి గరుకు తగిలినా అక్కడితో ఆపేయండి.

టఫెన్డ్ గ్లాస్ మీద అసలు బ్లేడు పెట్టకపోవడమే మంచిది. దాన్ని తయారుచేసేటప్పుడు కొలిమిలో రోలర్ల మీద నడిపిస్తారు, అప్పుడు కంటికి కనపడనంత చిన్న గాజు రేణువులు కొన్ని పైన అతుక్కుపోయి ఉండొచ్చు. బ్లేడు వాటిని పెకలించి అద్దం పొడవునా ఈడుస్తుంది. అలాంటి రేణువులుంటే ఎంత జాగ్రత్తగా గీకినా గీతలు పడొచ్చు. కారు వెనక అద్దం లోపలి వైపు కూడా బ్లేడు వద్దు, అక్కడ పొగమంచు పోగొట్టే సన్నటి వేడి తీగలుంటాయి, ఒకటి తెగితే ఆ వరస పని చేయదు. అక్కడ నూనె పట్టీ వేసి, తీగల వెంబడే తుడవండి, అడ్డంగా కాదు.

మొదట్లో అన్న ఆకుపచ్చ పీచు ఎందుకు వద్దన్నానంటే, అలాంటి వాటిలో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ పొడి పట్టించి ఉంటుంది. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద అది 9, కిటికీ అద్దం సుమారు 5.5. ఏది దేన్ని గీస్తుందో ఇక చెప్పక్కర్లేదు.

బంక పోయాక

అద్దం మీద ఇప్పుడు నూనె ఉంది. దాన్ని గ్లాస్ క్లీనర్ ఒక్కటే పూర్తిగా తీయలేదు, ముందు గిన్నెల లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో తుడిచి, తర్వాత క్లీనర్ కొట్టండి. మూలల్లో, రబ్బరు పట్టీ పక్కన చేరిన బంకకి పాత టూత్‌బ్రష్, చెవులు తుడుచుకునే దూది పుల్లలు చాలు.

శుభ్రమైందో లేదో ఎదురుగా నిలబడి చూస్తే తెలియదు. పక్క నుంచి టార్చి వేసి చూడండి, లేదంటే నోటితో హా అని ఆవిరి పట్టండి. ఆవిరి ఒకే తీరుగా పడితే అయిపోయినట్టే, టేపు ఆకారంలో గళ్లు తేలితే ఇంకా పలచటి పొర ఉన్నట్టు. స్పిరిట్‌తో ఒకసారి తుడిస్తే అది పోతుంది. ఒక్కోసారి సంగతి దీనికి తలకిందులుగా కూడా ఉంటుంది. టేపు ఉన్న చోటే శుభ్రంగా ఉండి, చుట్టూ అద్దం మీద ఏళ్ల మురికి పేరుకుని ఉంటుంది, అలాంటప్పుడు ఆ గుర్తుని ఎంత రుద్దినా పోదు, మొత్తం అద్దం కడగాలి. అంచు వెంబడి తెల్లటి గీత మాత్రమే ఉండి, తడిపితే మాయమై ఆరితే తేలుతుంటే అది నీళ్ల సున్నం కావచ్చు, వెనిగర్‌కి ఇప్పుడు పని దొరికింది.

ఇక మళ్లీ టేపు వేయాల్సి వస్తే, రంగులవాళ్లు వాడే నీలం టేపు తీసుకోండి, చుట్ట మీద ఎన్ని రోజుల్లోపు పీకాలో రాసి ఉంటుంది, ఎండ తగిలే అద్దానికి ఆ గడువు దాటనివ్వకండి. చివర అర అంగుళం లోపలికి మడిచి అతికిస్తే పీకేటప్పుడు మూల వెతుక్కునే బాధ ఉండదు. తుఫాను వస్తుందని అద్దాల మీద ఇంటూ గుర్తులా టేపు వేసేవాళ్లు మాత్రం ఆ పని మానేయొచ్చు. దాని వల్ల అద్దం పగలకుండా ఆగదు, పైగా పగిలితే టేపుకి అతుక్కున్న పెద్ద పెద్ద ముక్కలుగా ఎగురుతుంది, పగలకపోతే ఆ బంకంతా మీరే గీక్కోవాలి.